వలలో పురుగు

రత్తమ్మ ఫోన్ చేసేసరికి నేను నందిగామలో, భార్గవ ఆసుపత్రిలో, పళ్ళ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. మత్తు సూది పొడిచి ఐదు నిమిషాలైంది. కుడివైపు పెదవీ, సగం నాలుకా మెల్లగా మొద్దుబారుతున్నాయి. "ఇంకాస్త ఎక్కనివ్వండి మాస్టారూ, తొందరేముంది" అని భార్గవ పక్క గదిలో ఇంకెవరి పళ్ళో చూడటానికి వెళ్ళాడు. భార్గవ ఒకప్పుడు జగ్గయ్యపేట హైస్కూల్లో నా దగ్గర సాంఘికశాస్త్రం చదువుకున్నవాడు. అందుకే జగ్గయ్యపేటలో మా ఇంటి దగ్గరే ఇద్దరు పళ్ళ డాక్టర్లుండగా బస్సెక్కి నందిగామ దాకా వచ్చాను.

రత్తమ్మ నాకు ఫోన్ చెయ్యదు. మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తోంది. మూడేళ్ళ కిందట నా భార్య బాల పోయాక వంట కూడా ఆమే చూసుకుంటోంది. ఆమె పేరు ఫోన్లో చూసి, గ్యాసు అయిపోయిందేమో అనుకుంటూ ఎత్తాను.

"అయ్యగారూ, నేనండీ, రత్తమ్మని."

"ఊఁ."

"కొలను దగ్గర వల్లో పురుగు చిక్కుకుందండి." ఎవరో వింటారన్నట్టు గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"పురుగా?"

"అవునండి. పురుగే. తెగ కొట్టుకుంటంది. చంపించమంటారా?"

"వద్దు వద్దు. చంపకు, పాపం. వల కత్తిరించి వదిలెయ్." నాలుక మందంగా ఉండి మాట ముద్దముద్దగా వచ్చింది.

"నేనాండీ?" అంది.

"మరెవరు? కత్తెర నా బల్ల సొరుగులో ఉంది."

"పట్టుకుంటేగాని కుదరదేమోనండి."

నాకు కొంచెం విసుగొచ్చింది. "పట్టుకో. మెల్లిగా పట్టుకో, నలగనివ్వకు. అదేమన్నా కరుస్తుందా?"

అటు నుంచి గ్యాసు బొత్తం తిప్పిన చప్పుడు వినపడింది. ఆపైన, "అట్టాగేనండి. పప్పు దించేసా. గ్యాసు కట్టేసా. తాళాలు బియ్యం డబ్బా మీద పెడతన్నా" అని ఫోన్ పెట్టేసింది.

తాళాల సంగతి ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు. భార్గవ వచ్చాడు. నోరు తెరిచాను.

ఏ పురుగు అని నేనెందుకు అడగలేదో చెప్పాలంటే ఆ కొలను సంగతి చెప్పాలి.

అది కొలనేం కాదు, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న సిమెంటు తొట్టి. పెరట్లో నందివర్ధనం పక్కన బాల కట్టించుకుంది. తొట్టి అని మేం అంటే ఒప్పుకునేది కాదు, కొలను అనాలి. విజయవాడ నుంచి పద్నాలుగు బంగారు చేపల్ని నీళ్ళ కవర్లో పోసుకుని, బస్సులో రెండు గంటలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. బస్సు కుదిపినప్పుడల్లా కవరుకి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి, కిటికీ ఊచకి తన తల కొట్టుకుంటే చూసుకోలేదు. తను పోయేనాటికి కూడా పద్నాలుగూ ఉన్నాయి.

ఈ ఎండాకాలం చుట్టుపక్కల చెరువులు ఎండిపోయాక గుడ్డి కొంగ ఒకటి మా కొలను కనిపెట్టింది. గోడ మీద కూర్చుంటే మట్టిపెళ్ళలా ఉంటుంది, ఎగిరితే ఒక్కసారిగా తెల్లగా మెరుస్తుంది. మనిషి దగ్గరికొచ్చినా కదలదని దానికా పేరు పెట్టి ఉంటారు. నిజానికి దానంత చూపు మనకి లేదు. రెండు వారాల్లో చేపలు పద్నాలుగు నుంచి తొమ్మిదికి వచ్చాయి.

పాత సీడీలు దండలా కట్టి వేలాడదీశాను. వాటిలో తన మొహం చూసుకుని పోయింది కొంగ. నా చొక్కా తొడిగి ఒక దిష్టిబొమ్మ నిలబెట్టాను. మూడో రోజు పొద్దున కొంగ దాని భుజమ్మీద కూర్చుని ఉంది. రత్తమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "మీరనుకుంది కాబోలండీ, భయం లేకుండా కూర్చుంది" అని పడీపడీ నవ్వింది.

వల తెచ్చింది కూడా రత్తమ్మే. ఆమెది వేదాద్రి. అక్కడ మేనల్లుడు కృష్ణలో చేపలు పడతాడు. వాడి పాత వల, దారం వెంట్రుకంత సన్నం. దాన్ని కొలను మీద కప్పుతుంటే అంది: "అంచులు నేల మీద పరవకండయ్యగారూ, పైకి బిగించి కట్టండి. పురుగూ పుట్రా చిక్కుకుంటయ్." నేను వినిపించుకోలేదు. కింద జానెడు సందున్నా కొంగ ముక్కు దూరుస్తుందని నా భయం. అంచులన్నీ నేల మీద పరిచి ఇటుకలు పెట్టాను. ఆషాఢం వానలు పడ్డాక కొలను చుట్టూ కప్పలు చేరాయి. కప్పల వెనక ఏమొస్తుందో చిన్నప్పుడు పల్లెటూళ్ళో పెరిగిన నాకు తెలియంది కాదు. కానీ నా ధ్యాసంతా ఆకాశం వైపే ఉంది.

కొంగ రావడం ఆగింది. బదులుగా రోజూ పొద్దున్నే వలలో తూనీగో, పేడపురుగో చిక్కుకుని కనిపించేది. కళ్ళజోడు పెట్టుకుని గొంతుక్కూచుని, చిన్న కత్తెరతో దారం తెంపి వదిలిపెట్టేవాణ్ణి. రత్తమ్మ అది రోజూ చూసేది. అందుకే ఆమె పురుగు అనగానే నా కళ్ళకి తూనీగ కనపడింది. రెక్కలు టపటపలాడిస్తున్న ఆకుపచ్చ తూనీగ.

భార్గవ పన్ను పీకి, పట్టకారుతో నా కళ్ళ ముందు పెట్టాడు. బుగ్గలో దూది కుక్కి, "గట్టిగా కొరికి పట్టుకోండి. ఇందాక ఫోనెవరు మాస్టారూ, ఇంటి నుంచా?" అన్నాడు.

ప పలక్క, దూది మధ్యనుంచి "ఉరుగు" అని వచ్చింది. వలలో, అన్నట్టు చేతులతో చూపించాను.

భార్గవ నవ్వాడు. "ఇదిగో, మీ పంట్లో కూడా పురుగే. మా నాయనమ్మకి అన్నీ పురుగులేనండి. పన్ను పుచ్చితే పురుగు పట్టిందనేది. బియ్యంలో పురుగనేది. ఆఖరికి దొడ్లోకి పామొచ్చినా పురుగొచ్చిందిరా అనేది. పేరెత్తితే పలుకుద్దంట!"

నేను ఆ పన్ను వంక చూస్తూ ఉండిపోయాను.

రత్తమ్మ వాళ్ళన్న పొలానికి నీళ్ళు పెట్టబోయి చనిపోయాడు. ఆ సంగతి మాతో చెప్పిన రోజు ఆమె వాడిన మాట గుర్తొచ్చింది: "మా అన్నని పురుగు ముట్టిందండి." ఈ పద్దెనిమిదేళ్ళలో ఆ రెండక్షరాల పేరు ఆమె నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. నాగులచవితి నాడు కూడా పుట్టలో స్వామి అనే అంటుంది.

ఇందాక చంపమంటారా అని అడగలేదు. చంపించమంటారా అంది.

నేనేమన్నాను? పట్టుకో అన్నాను. నలగనివ్వకు అన్నాను. కరుస్తుందా అని విసుక్కున్నాను.

అప్పుడు తాళాలు కూడా అర్థమయ్యాయి.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. నేను కుర్చీలోంచి సగం లేవడం చూసి, నాకు కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని భార్గవ నన్ను వెనక్కి పడుకోబెట్టబోయాడు. అతన్ని నెట్టేసి లేచాను. చెబుదామంటే మాట రావడం లేదు. ప, మ – పెదవులు రెండూ కలిస్తేనే పలికే అక్షరాలు. నా పెదవి నాది కాదు. రత్తమ్మ పలకని మాట నేను పలకలేకపోయాను. మందుల చీటీ తిరగేసి రాశాను: "పాము. రత్తమ్మని చేత్తో పట్టుకోమన్నాను."

భార్గవ చదివాడు. ఒక్క క్షణం నా మొహం వంక చూసి, చేతి తొడుగులు పీకేసి, బయట కూర్చున్నవాళ్ళతో "సాయంత్రం రండమ్మా, ఏమనుకోకండి" అంటూనే కారు తాళాలు అందుకున్నాడు. దవడ పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన కాళ్ళు పక్కకి తీసుకుని మాకు దారిచ్చాడు. ఎందుకని అడగలేదు.

నందిగామ నుంచి మా ఇంటికి అరగంట పైన పడుతుంది. సన్నగా తుంపర. హైవే మీద హైదరాబాదు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి. నేను రత్తమ్మకి చేస్తూనే ఉన్నాను. ఆమెది బొత్తాల ఫోను. మోగినప్పుడల్లా అది ఎక్కడ మోగుతోందో ఊహించుకోవడం మొదలుపెట్టాను. వంటింటి గట్టు మీద. కొలను ఒడ్డున, తడి నేల మీద. ఆమె పక్కన.

"పక్కింటివాళ్ళకి చేద్దాం మాస్టారూ."

లేరని చెయ్యి ఊపాను. పెళ్ళికి పోయారు. నాలుగిళ్ళ అవతల కృపాజ్యోతి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఆమె నంబరు తీసి భార్గవకి చూపించాను. అతను స్పీకరు పెట్టి, నేనెవరో, విషయమేమిటో చెప్పాడు.

"అంకుల్ వాళ్ళ రత్తమ్మా?" కృపాజ్యోతి గొంతు వెనక ఎవరో ఏడుస్తున్నారు. "ఉండండి సార్. ఇప్పుడే ఒక పాముకాటు కేసు దించారు. ఆడమనిషే. యాభై దాటినట్టుంది. నేనింకా మొహం చూడలా. చూసి చేస్తా." ఫోన్ కట్టయింది.

భార్గవ కారు వేగం పెంచాడు.

కృపాజ్యోతి మళ్ళీ చేసేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మా ముందున్న లారీ కదల్లేదు. భార్గవ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. టోల్‌గేటు కుర్రాడు ఏదో అరిచాడు, భార్గవ తిరిగి అరిచాడు. నేను దూది ఉమ్మేసి కళ్ళు మూసుకున్నాను. నాకు పెద్దగా పూజలు లేవు. ఆ రోజు మాత్రం వేదాద్రి నరసింహస్వామిని అడిగాను. ఆ మంచమ్మీద ఉన్నది రత్తమ్మ కాకూడదు స్వామీ, ఇంకెవరైనా ఫరవాలేదు. అడిగేశాక, ఏం అడిగానో నాకే వినపడింది.

ఫోన్ మోగింది. "మీ రత్తమ్మ కాదు సార్. ఈవిడ పత్తిచేలో కలుపు తీస్తుంటే కరిచిందంట. ఈవిణ్ణి వదిలి రాలేను. మీరు పోగానే నాకు చెప్పండి."

"కాదంట మాస్టారూ!" భార్గవ స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు.

నాకూ ప్రాణం లేచొచ్చింది, కానీ నిలవలేదు. ఆవిణ్ణి ఆసుపత్రికి తెచ్చినవాళ్ళున్నారు. మా పెరట్లో పడి ఉంటే రత్తమ్మని తెచ్చేదెవరు?

గేటు దగ్గరికి వేసి ఉంది. వీధి తలుపు తీసే ఉంది. వంటింట్లో బియ్యం డబ్బా మీద తాళాలగుత్తి, ఆమె ఫోను, వాటి కింద ఒక చిన్న కాయితం మడత. విప్పితే, మేనల్లుడి ఫోన్ నంబరు. రత్తమ్మకి రాయడం రాదు. వంకర టింకర అంకెలు, ఒక్కొక్కటీ ఫోనులో చూసి బొమ్మలా దించింది. నేను ఆ కాయితం మళ్ళీ మడతపెడుతున్నాను. భార్గవే ముందు పెరట్లోకి వెళ్ళాడు.

"మాస్టారూ, ఇటు రండి."

కొలను వల అంచు ఒకచోట నిలువునా కోసి ఉంది. గట్టు మీద నా కత్తెర. పక్కనే రత్తమ్మ చెప్పులు, గుడి బయట విడిచినట్టు, జోడుగా. వాటి ముందు సిమెంటు మీద ఎర్రగా ఒక మరక, తుంపరకి తడిసి సన్నటి చారికలుగా కొలనులోకి కారుతోంది.

రత్తమ్మ లేదు.

భార్గవ వంగి ఆ ఎరుపుని వేలితో తాకాడు. వాసన చూశాడు. "కుంకం" అన్నాడు. "కుంకమండీ. పసుపు కూడా ఉంది."

నేను గట్టిగా కేకేశాను. పెదవులు కొంచెం స్వాధీనంలోకి వచ్చినా నాలుక తిరక్క, "అత్తమ్మా! అత్తమ్మా!" అని వచ్చింది.

పెరటి స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. "ఎవర్నండీ అత్తమ్మా అంటన్నారు?" అంది లోపలి నుంచి రత్తమ్మ.

నేను వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డాను.

కాసేపటికి తడి జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నన్నూ, భార్గవనీ చూసి తత్తరపడింది. "అదేంటండీ, రక్తం! నోటమ్మట రక్తం కారతంది! చొక్కా అంతా!" నా చొక్కా సంగతి అప్పటిదాకా నాకు తెలీదు.

"పోయిందా?" అన్నాను.

"పోయారండి. అదుగో, ఆ తూములోంచి." గౌరవంగా చెప్పింది. "పడగిప్పారు. కాసేపు నన్నే చూశారు. తర్వాత పోయారు."

తాచే. నేను ఆ మాట అనబోతే చెయ్యడ్డం పెట్టింది. ఆ చెయ్యి కుడిచెయ్యి. చూపుడువేలి మీద పక్కపక్కన రెండు ఎర్రటి గాట్లున్నాయి.

"ఇదేంటి?"

ఆమె కూడా అప్పుడే చూసుకుంది. "దారం కోసుకుందో, కత్తెర గుచ్చుకుందో... ఆ కత్తెర మొండిదండి, ఎంతకీ తెగదు."

"కరవలేదుగా?"

రత్తమ్మ వేలు వంక చూస్తూ నిలబడింది. "తెలీదండి" అంది చివరికి. "అప్పుడు నాకు ఒళ్ళు తెలీలా."

భార్గవ వెళ్ళి కారు తలుపు తీశాడు. "నేను రానండి, నాకేం కాలా, మీకు మజ్జిగ కలపాల" అంటోంది రత్తమ్మ. మెట్టు దిగుతుంటే ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలిని లైటు కింద తిప్పి తిప్పి చూసింది. "కాటో కాదో చూసి చెప్పలేమండి. ఒక్కోసారి కరిచినా విషం దింపదు. రేపటిదాకా ఇక్కడే ఉంచుదాం. రక్తం గడ్డ కడుతుందో లేదో చూస్తాం. మీరు పక్కన కూర్చుని ఆమె కళ్ళు చూస్తుండండి. రెప్పలు వాలినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా వెంటనే పిలవండి."

"మాట ముద్దగా వచ్చేది అయ్యగారికండి" అంది రత్తమ్మ. కృపాజ్యోతి నవ్వాపుకుంటూ ఆమె చేతి నుంచి రక్తం తీసి, గాజు గొట్టంలో పోసి, కదపకుండా కిటికీలో పెట్టింది. ఇరవై నిమిషాలు కదపకూడదట.

పక్క మంచమ్మీద పత్తిచేలో పనికి పోయినావిడ. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. సెలైను ఎక్కుతోంది. ఆమె భర్త అట్టముక్కతో విసురుతున్నాడు, పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నా. ఆయన వైపు చూడలేకపోయాను. ఆవిడ గురించి నేను స్వామిని ఏం అడిగానో ఆయనకి తెలీదు.

రత్తమ్మ కనురెప్పల్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆమె మొహం అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. ఎడమకంటి కింద ఒక చిన్న పుట్టుమచ్చ ఉందని ఆ రోజే తెలిసింది. ఎడమ రెప్ప కొంచెం వాలినట్టనిపించింది. ముందు నుంచీ అంతేనా, ఇప్పుడు వాలిందా? ముందెలా ఉండేదో నాకు తెలిస్తేగా.

"అట్టా చూడకండి అయ్యగారూ, సిగ్గేస్తంది."

"మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడేదండీ. తడిపిన గోనెసంచి స్వామి తల మీద కప్పా. చేట అడ్డం పెట్టి పసుపూ కుంకం చల్లా. మా అన్నని తీసుకుపోయావు, నన్నొదిలెయ్ అన్నా. ఒక్కో పోగూ తెంపా. నడుం దగ్గర దారం బాగా దిగబడిందండి. అక్కడ..." ఆగింది. "అక్కడ మీరు చెప్పినట్టే పట్టుకున్నా. మెల్లిగా. నలక్కుండా. సల్లగా ఉంటదండి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కృపాజ్యోతి వచ్చి గాజు గొట్టం వంచి చూసింది. రక్తం కదల్లేదు, గడ్డ కట్టింది. "ఇది మంచిదే అంకుల్. కానీ తాచు విషం ఇందులో తెలీదు. కళ్ళే చూడాలి" అని వెళ్ళిపోయింది.

అరగంట గడిచింది. రత్తమ్మ ఆవలించింది. "నిద్రొస్తందండి" అంది. రెప్పలు రెండూ బరువుగా కిందికి జారాయి.

"సిస్టర్!" అని నేను వేసిన కేకకి వార్డంతా లేచి కూర్చుంది. కృపాజ్యోతి పరుగెత్తుకొచ్చి టార్చి వేసింది. "పిన్నీ, పైకి చూడు. నా వేలు చూడు. రెప్పలు గట్టిగా మూసి తెరువు. ఏదీ, మళ్ళీ."

రత్తమ్మ కళ్ళు చికిలించి తెరిచింది. బాగా తెరిచింది. "తెల్లారగట్ట నాలుగింటికి లేచానమ్మా. నిద్ర రాదా ఏంటి?"

కృపాజ్యోతి నా భుజం తట్టి, మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టి పోయింది. మత్తు దిగిపోయి, పన్ను పీకినచోట సలుపు మొదలైంది. నాలుక నా నాలుకైంది. ఇంక చెప్పకుండా ఉండటానికి సాకు లేదు.

"రత్తమ్మా, నువ్వు పురుగంటే నేను తూనీగనుకున్నాను."

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"వలలో తూనీగ చిక్కుకుందనుకుని చెప్పాను. పాము అని నాకు తెలీదు. తెలిస్తే నిన్ను ఆ దగ్గరికి పోనిస్తానా?"

రత్తమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. నేను ఆ పేరు పలికినా అడ్డం పెట్టలేదు.

"నేనేమనుకున్నానో తెలుసాండీ?" అంది. "ఈయనకి చీమన్నా జాలే. దాని పాణం మీదున్న జాలి నా మీద లేదేందా అనుకున్నా. గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చా. మళ్ళీ, పెద్దాయన, ఎన్నడూ ఏదీ చెప్పని మనిషి చెప్పాడు గదా అని లేచా."

మంచినీళ్ళ సీసా మూత తీసి ఆమెకి అందించాను, తీసుకోలేదు.

"తూనీగకైతే తాళాలెందుకండీ బియ్యం డబ్బా మీద పెడతా?"

తల వంచుకున్నాను.

"అమ్మగారైతే అడిగేవారు" అంది. "ఏ పురుగే రత్తమ్మా, అని అడిగేవారు." అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రంతా నాతో ఇంక మాట్లాడలేదు. గంటకోసారి కృపాజ్యోతి పిలిస్తే మాత్రం కళ్ళు తెరిచి చూపించేది. నేను కుర్చీ అటువైపు వేసుకుని రెప్పలు చూస్తూ కూర్చున్నాను.

తెల్లారాక పక్క మంచమ్మీద ఆవిడ కళ్ళు పూర్తిగా తెరిచి, భర్తని టీ అడిగింది. ఆయన రెండు టీలు తెచ్చి, ఒకటి నాకిచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారిగా రత్తమ్మకి నేను టీ అందించాను. మొహం గంటు పెట్టుకునే ఉంది గాని తాగింది.

ఇంక ప్రమాదం లేదని డాక్టరమ్మ పంపించాక, ఇంటికొచ్చి ముందు చేసిన పని ఆ వల తీసెయ్యడం. చుట్ట చుట్టి వేదాద్రి పంపించేశాను. పగిలిన సిమెంటు గొట్టాల ముక్కలు నాలుగు కొలను అడుగున పరిచాను, కలువ తీగలు రెండు నాటాను. దాక్కోవడానికి చోటుంటే చేపలే చూసుకుంటాయని భార్గవ ఎక్కడో చదివి చెప్పాడు. తూముకి జల్లెడ కొట్టించాను. తొమ్మిదింటిలో ఒకటి మొదటి వారంలోనే కొంగకి దక్కింది. బాల చేపల్లో ఒకటి. బాధగానే ఉంది. కానీ వల కడదామా అని నేననలేదు, రత్తమ్మా అనలేదు. ఇప్పటికీ సాయంత్రం పూట కొలను గట్టు మీద ఆకు కదిలినా నా గుండె జారుతుంది.

పది రోజుల తర్వాత ఒక పొద్దున, నేను పేపరు చదువుతుంటే పెరట్లోంచి కేక వినపడింది.

"అయ్యగారూ! కొలను దగ్గరికొచ్చింది!"

పేపరు ఎటు పోయిందో తెలీదు. ఒంటికాలి చెప్పుతో పరుగెత్తాను. "ఏది? ఏదొచ్చింది రత్తమ్మా? ఏ పురుగు?"

రత్తమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నా అవతారం పైనుంచి కిందికి చూసింది.

"కొంగండి" అంది. "కొంగ. రెండు కాళ్ళు, రెండు రెక్కలు, ఒక ముక్కు. సరిపోయిందాండీ?"

గట్టు మీద గుడ్డి కొంగ మెడ ముడుచుకుని కూర్చుని ఉంది. కొలనులో ఒక్క చేపా పైకి కనపడలేదు. రత్తమ్మ చీపురెత్తలేదు. గుమ్మంలో ఆమె కొంచెం పక్కకి జరిగింది. నేనూ అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి కొంగ విసిగిపోయి, తెల్లగా రెక్కలు విప్పి, గోడ దాటి పోయింది. గొట్టం ముక్కలోంచి ముందు ఒక ఎర్రటి మూతి, తర్వాత ఇంకొకటి, ఒక్కొక్కటే మెల్లగా బయటికి వచ్చాయి.

"ఎనిమిదీ ఉన్నయ్యండి" అంది రత్తమ్మ.